అట్లాంటా నుంచి టస్కీగీ, మాంట్‌గమరీ: యుద్ధకాలపు పైలట్ శిక్షణ జాడలు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా తూర్పు భాగంలో సైన్యం పైలట్లకు శిక్షణ ఇచ్చిన విభాగం ఈస్టర్న్ ఫ్లయింగ్ ట్రెయినింగ్ కమాండ్. అది ఆ పేరుతో నడిచింది రెండున్నరేళ్ల లోపే. 1940లో అలబామా రాష్ట్రం మాంట్‌గమరీలోని మాక్స్‌వెల్ ఫీల్డ్‌లో ఆగ్నేయ శిక్షణ కేంద్రంగా మొదలై, 1943 జూలైలో పేరు మారి, 1945 డిసెంబర్‌లో మూతపడింది. దాని జాడలు చూడాలనుకునేవాళ్లు ముందు మాక్స్‌వెల్‌కే వెళ్దామనుకుంటారు. అక్కడికెళ్తే గేటు దగ్గరే ఆగిపోవాలి. అది ఇప్పటికీ పనిచేస్తున్న ఎయిర్‌ఫోర్స్ బేస్, పాస్ లేనిదే లోపలికి పంపరు. మొదట వెళ్లాల్సింది టస్కీగీ పక్కనున్న అప్పటి శిక్షణ మైదానం మోటన్ ఫీల్డ్‌కి.

అట్లాంటా నుంచి ఐ-85 మీద సుమారు రెండు గంటలు, ఎగ్జిట్ 38లో దిగాలి. అలబామాలో గడియారం ఒక గంట వెనక ఉంటుంది. పొద్దున 8కి బయల్దేరితే అక్కడ 9కే ఉంటారు, తిరుగు ప్రయాణంలో ఆ గంట పోతుంది. టికెట్ లేదు. తెరిచి ఉండే రోజులు, వేళలు మాత్రం నేషనల్ పార్క్ సర్వీస్ సైట్‌లో చూసుకునే బయల్దేరాలి. కారు దిగిన చోటి నుంచి హ్యాంగర్ల (విమానాల షెడ్ల) దాకా కొంత నడక ఉంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే, హ్యాంగర్ల దాకా కారు వెళ్లే వీలుందేమో ముందే ఫోన్ చేసి రేంజర్‌ని అడగండి.

శిక్షణ మూడు దశలు: ప్రైమరీ, బేసిక్, అడ్వాన్స్‌డ్. ప్రైమరీని సైన్యం కాంట్రాక్టు మీద పౌర స్కూళ్లకు అప్పగించింది. నల్లజాతి కేడెట్లకు ఆ దశ నేర్పిన చోటు మోటన్ ఫీల్డ్, నడిపింది నల్లజాతి విద్యార్థుల కాలేజీ టస్కీగీ ఇన్‌స్టిట్యూట్. మొదటి బ్యాచ్‌లో 13 మంది చేరితే 1942 మార్చి 7న రెక్కల బ్యాడ్జి అందుకున్నది అయిదుగురే.

మొదటి హ్యాంగర్లో స్టీర్‌మన్ అనే రెండంతస్తుల రెక్కల శిక్షణ విమానం దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడండి. ముందు సీటు నేర్పేవాడిది, వెనక సీటు కేడెట్‌ది. ఇద్దరి మధ్యా మాటకి ఒక రబ్బరు గొట్టమే దారి, అదీ ఒకవైపే: ముందువాడు అరిస్తే వెనకవాడి చెవుల్లో పడేది. వెనకవాడు తల ఊపితే ముందువాడు అద్దంలో చూసుకునేవాడు. తర్వాత కిందికి వంగి చక్రాలు చూడండి. రెండింటి మధ్య దూరం తక్కువ, విమానం బరువేమో పైన. దిగేటప్పుడు పక్కగాలి కొట్టి, కేడెట్ రడ్డర్ (తోకను తిప్పే పెడల్) తొక్కడం ఒక్క క్షణం ఆలస్యమైతే తోక గిర్రున తిరిగి కింది రెక్క కొన నేలను గీరుకునేది. అందుకే కేడెట్ల గుండెల్లో గుబులంతా ల్యాండింగ్ గురించే.

రెండో హ్యాంగర్లో పైన వేలాడే ఎర్రతోక మస్టాంగ్ యుద్ధవిమానం నమూనా పిల్లలకి బాగా నచ్చుతుంది. మొత్తానికి మూడు గంటలు పెట్టుకోండి. తర్వాతి దశలు నేర్పిన టస్కీగీ ఆర్మీ ఎయిర్‌ఫీల్డ్ ఇప్పుడు ప్రైవేటు స్థలం, వెతుక్కుంటూ వెళ్లొద్దు.

అక్కడి నుంచి మాంట్‌గమరీకి 40 మైళ్లు. అక్కడ ఓక్‌వుడ్ శ్మశానం అనెక్స్‌ని వదిలిపెట్టకండి. 1941 జూన్ నుంచి 1943 మార్చి దాకా బ్రిటన్ కుర్రాళ్లకి అమెరికాలో పైలట్ శిక్షణ ఇచ్చే ఆర్నాల్డ్ స్కీమ్ కింద సుమారు 7,800 మంది ఆ ఆగ్నేయ శిక్షణ కేంద్రం పరిధిలో శిక్షణకు వచ్చారు. పూర్తి చేసినవాళ్లు సుమారు 4,500. తప్పినవాళ్లలో చాలామందిని కెనడాకి పంపి నావిగేటర్లుగానో బాంబ్ ఎయిమర్లుగానో తయారుచేశారు. శిక్షణలో పోయినవాళ్లలో 70 మందికి పైగా ఇక్కడే, ఒకే తీరు తెల్లరాళ్ల కింద ఉన్నారు. చాలామందికి ఇరవై ఏళ్లు అటూ ఇటూ. వయసులు చదువుకుంటూ ఆ వరసల వెంట నడిస్తే గొంతు పట్టేస్తుంది. గాయకుడు హ్యాంక్ విలియమ్స్ సమాధి కూడా ఈ అనెక్స్‌లోనే కాబట్టి ఆ బోర్డులు చూసుకుంటూ వస్తే దారి తప్పరు.

రాత్రి ఆగాలంటే టస్కీగీలో హోటళ్లు తక్కువ. ఆబర్న్ 20 మైళ్లే, గదులు బాగుంటాయి. కానీ సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారాల్లో రేట్లు ఆకాశాన్నంటుతాయి, గదులూ దొరకవు. ఆ వారాల్లో మాంట్‌గమరీయే మేలు. శాకాహారులు మధ్యాహ్నానికి పులిహోరో పెరుగన్నమో కట్టుకెళ్లడం మంచిది, మోటన్ ఫీల్డ్‌లో క్యాంటీన్ లేదు. జూలై, ఆగస్టుల్లో మనిషికి రెండు సీసాల నీళ్లు తప్పనిసరి.