బుర్ర అలిసిన సాయంత్రం: పరుగా, బరువులా, షటిలా?

పొద్దుటి నుంచి మీటింగులు, లెక్కలు, టెన్షన్. కుర్చీలోంచి పెద్దగా లేచింది లేదు, అయినా సాయంత్రానికి ఒళ్లంతా పిండేసినట్టు ఉంటుంది. అలాగని వ్యాయామం మానేయక్కర్లేదు. కాకపోతే ఆ రోజుకి ఏది ఎంచుకుంటున్నామో కాస్త చూసుకోవాలి. అలిసిన మెదడు అన్ని కదలికలనీ ఒకేలా దెబ్బతీయదు.

ముందు పరుగు సంగతి. 2009లో వ్యాయామ శాస్త్రవేత్త సామ్యుయేలే మార్కోరా బృందం 16 మందితో ఒక ప్రయోగం చేసింది. ఒక రోజు 90 నిమిషాలు కంప్యూటర్ ముందు రెప్ప వాల్చకుండా చేయాల్సిన పని ఇచ్చారు, ఇంకో రోజు అంతసేపూ డాక్యుమెంటరీలు చూపించారు. రెండు రోజులూ ఆ తర్వాత ఇక తొక్కలేమనేదాకా సైకిల్ తొక్కించారు. డాక్యుమెంటరీ చూసిన రోజు సగటున 754 సెకన్లు తొక్కినవాళ్లు, బుర్ర అలిసిన రోజు 640 సెకన్లకే ఆపేశారు. గుండె, ఊపిరి, రక్తంలో లాక్టేట్ (కండరాలు గట్టిగా పనిచేస్తే పెరిగే పదార్థం)... వీటిలో ఆ తేడాకి కారణం కనిపించలేదు. పెరిగిందల్లా 'కష్టంగా ఉంది' అనే భావన. మార్కోరా వివరణ ప్రకారం, కాలు కదపమని కండరానికి ఆజ్ఞ పంపేటప్పుడు దాని నకలు ఒకటి మెదడు తన దగ్గరే ఉంచుకుంటుంది. ఎంత కష్టపడుతున్నామనే అంచనా అక్కడే పుడుతుంది. సైకిల్‌లాగే పరుగులోనూ చాలాసేపు ఓర్చుకోవాలి. అందుకే అలాంటి సాయంత్రం టైము పెట్టుకుని పరుగెత్తితే నిరుత్సాహమే మిగులుతుంది. వాచీ పక్కన పెట్టి, మాట్లాడుకుంటూ పరుగెత్తగలిగే వేగంలో వెళ్తే మాత్రం హాయిగా ఉంటుంది.

బరువుల విషయంలో కథ వేరు. ఒక్కసారి గట్టిగా బలం పెట్టమంటే, బుర్ర అలిసినా ఆ బలం దాదాపు అంతే ఉంటుందని చాలా ప్రయోగాల్లో తేలింది. తగ్గేది ఓపిక. ఇక చేతకాదనేదాకా రెప్స్ (ఒకే ఎత్తుడు మళ్లీ మళ్లీ) చేసే సెట్లు ఆ రోజు తొందరగా ఆగిపోతాయి. ఇది కొత్తగా తెలిసిందేమీ కాదు. 19వ శతాబ్దం చివర్లో ఇటలీలోని టూరిన్‌లో ఆంజెలో మోసో అనే శరీరధర్మ శాస్త్రవేత్త వేలితో బరువు ఎత్తించి, విద్యార్థులకు పరీక్షలు నిర్వహించి వచ్చిన అధ్యాపకుడి వేలు మామూలుకన్నా ముందే అలిసిపోవడం నమోదు చేశాడు. కాబట్టి బాగా అలవాటైన ఎక్సర్‌సైజులు, తక్కువ రెప్స్, సెట్ల మధ్య తగినంత విరామం. కొత్త టెక్నిక్ నేర్చుకోవడం ఇంకో రోజుకి.

షటిల్ అంటే మనవాళ్లకు ప్రాణం, నాకూ ఇష్టమే. కానీ ఈ మూడింటిలో బుర్ర అలసట ఎక్కువగా తగిలేది దీనికే. కాక్ ఎటు వస్తుందో పసిగట్టాలి, వేసిన అడుగు మధ్యలో మార్చుకోవాలి, స్మాషా డ్రాపా అని క్షణంలో తేల్చుకోవాలి. పొద్దుటి నుంచీ మెదడు ముందుభాగం చేసిందీ ఇలాంటి పనే. బ్యాడ్మింటన్ ఆటగాళ్ల మీద చేసిన ప్రయోగంలో, గంటన్నర మానసిక శ్రమ తర్వాత కళ్లతో చూసి చేత్తో స్పందించే వేగం తగ్గింది. ఫుట్‌బాల్‌లో అయితే అరగంట శ్రమకే పాసుల్లో తప్పులు పెరిగాయి. 2022లో ప్యారిస్ పరిశోధకులు ఆరు గంటలకు పైగా కఠినమైన పని చేసినవాళ్ల మెదడు ముందుభాగంలో గ్లుటమేట్ (మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే రసాయనం) పేరుకోవడం గమనించారు. అలసటకు అదొక్కటే కారణమని తేలలేదు గానీ, ఇది ఉత్త బద్ధకం కాదని మాత్రం తెలుస్తోంది.

నా ఓటు: మొదటి ఎంపిక బరువులు, రెండోది నింపాది పరుగు, పంతం పట్టి ఆడే షటిల్ చివరి ఎంపిక. ఆట సెలవురోజు పొద్దున్నకి మార్చుకుంటే ఇంకా మంచిది. కోర్టు ముందే బుక్ అయిపోయి ఉంటే సరదాగా డబుల్స్ ఆడండి, పాయింట్లు లెక్కపెట్టకండి. ఆటకు ముందు అరగంట ఫోన్ చూస్తే విశ్రాంతి అనుకుంటాం. ఫుట్‌బాల్ ఆటగాళ్లలో మాత్రం దానివల్ల నిర్ణయాలు దెబ్బతిన్నాయి. కాఫీ పనిచేస్తుంది, కానీ కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి నిద్ర పాడైతే మర్నాటి అలసట ఇవాళే మొదలైనట్టు. వీలుంటే 20 నిమిషాలు కునుకు తీసి, మత్తు వదిలాక బయల్దేరండి.