అటార్నీ జనరల్: మంత్రా, వకీలా?

ప్రభుత్వానికి న్యాయ సలహా చెప్పే పెద్ద లాయరు మంత్రుల్లో ఒకడైతే మేలా, బయటివాడైతేనా?

నియామకం: బ్రిటన్‌లో మంత్రి, పార్టీ మనిషి. భారత్‌లో 76వ అధికరణ కింద సుప్రీంకోర్టు జడ్జి కాదగ్గ అర్హత ఉండాలి. 1950లో తొలి ఏజీ (అటార్నీ జనరల్) సెతల్వాడ్.

పార్లమెంటు: అక్కడ జవాబుదారీ. ఇక్కడ మాట్లాడొచ్చు, ఓటు లేదు.

రిస్కు: అసలు తిరకాసు ఇక్కడే. 2003 మార్చి 7న ఇరాక్ యుద్ధం చట్టబద్ధమేనా అన్నదానిపై అప్పటి బ్రిటన్ ఏజీ లార్డ్ గోల్డ్‌స్మిత్ రాసిచ్చిన సలహాలో సందేహాలు బోలెడు; 17న పార్లమెంటుకిచ్చిన జవాబులో అవి మాయం. బయటివాడికి ఆ ఒత్తిడి కొంత తక్కువ. కొంతే సుమా, భారత ఏజీ పదవి కూడా రాష్ట్రపతి అభీష్టం ఉన్నంతవరకే. ఆచరణలో అది కేబినెట్ అభీష్టమే.

నిర్ణయానికి ముందే చట్టం మాట చెవిన పడాలంటే మంత్రి పద్ధతి. నిర్ణయాన్ని కోర్టులో నిలబెట్టాలంటే వకీలే నయం.