అండమాన్ దేశవాళీ బియ్యం: నగరంలో మోసం, వెబిలో విందు

అండమాన్ దేశవాళీ బియ్యం కొనదలచినవారు దయచేసి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) బజారులో కొనవద్దు. అక్కడ ఒక దుకాణదారు ‘కరెన్ బియ్యం’ (బర్మా నుంచి వచ్చి ఈ దీవులలో స్థిరపడిన కరెన్ జాతివారు పండించేది) అని చెప్పి, కిలో 180 రూపాయల చొప్పున రెండు కిలోలు మాకు అంటగట్టాడు. శ్రీకాకుళం జిల్లాలో జీవితమంతా వరి పండించిన మా మావయ్యగారు గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని చూసి, ఇవి మన మిల్లుల్లో ఆడించే సన్నబియ్యమేనని తేల్చారు. తిరిగి వెళ్లి అడిగితే, బిల్లు లేదు గనుక డబ్బు ఇవ్వనన్నాడు. ఆ సాయంత్రం మావయ్యగారు అన్నం ముట్టలేదు.

పోర్ట్ బ్లెయిర్ దగ్గరి సిపిఘాట్‌లో పసిఫిక్ దీవుల నుంచి 1980ల తొలినాళ్లలో సేకరించి తెచ్చిన కొబ్బరి రకాల తోట ఉంది. వడ్లలాగా కొబ్బరికాయను ఎండబెట్టి శీతల గిడ్డంగిలో ఏళ్ల తరబడి దాచలేరు కాబట్టి, ఆ రకాలను చెట్లుగా పెంచుకుంటూనే కాపాడాలి.

అక్కడి నుంచి ఉత్తరాన ఉన్న మాయాబందర్‌కు బస్సులో మనిషికి 450 రూపాయలయింది. దారిలో జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాలన్నిటినీ వరుస కట్టించి జారవా ఆదిమ తెగవారి అడవి గుండా పంపుతారు. అక్కడ ఫొటోలు తీయడం నిషేధం.

1925లో బర్మా నుంచి వచ్చిన కరెన్ కుటుంబాలు మాయాబందర్ దగ్గర స్థిరపడిన ఊరు వెబి. ఒక కరెన్ ఇంట్లో గదికి 1,200, భోజనానికి 250 రూపాయలు ఇచ్చాము. రెడ్ బర్మా అనే దేశవాళీ బియ్యపు అన్నంలో చేపల పులుసు కలుపుకుని మావయ్యగారు మారు వడ్డించుకున్నారు, ముఖం వికసించింది. తరువాత మా జీపు డ్రైవరు, సిక్కోలు నుంచి వలస వచ్చిన కుటుంబంవాడు, మాటలు అందిస్తుండగా ఇంటి యజమానితో చాలాసేపు ముచ్చటించారు. వాళ్లు పండించే సి-14-8 అనే మరో వరి రకం నిలువెత్తు పెరుగుతుంది, పగటి పొద్దు తగ్గితేనే పొట్టకు వస్తుంది, పంటకు సుమారు ఆరు నెలలు పడుతుంది. దిగుబడి తక్కువే అయినా, మే నుంచి నెలల తరబడి వానలు కురిసే ఆ నేలలో పొట్టి రకాల కంటే అదే నీటిని తట్టుకుంటుందని, వానలు వెనుకబట్టాక కోతకు వస్తుందని ఆయన వివరించారు. మంచి కంకులను ముందే ఏరి, విత్తనానికి విడిగా దాచుకుంటారట.

కొబ్బరిలా కాక వడ్లను దాచవచ్చు గనుక, ప్రయోగశాలలు గింజలను సేకరించి దాచడం అవసరమే. గారచర్మలోని వ్యవసాయ పరిశోధన సంస్థ 1978 నుంచి ఈ దీవులలో పనిచేస్తోంది. అయితే ఈ అన్నం ఇష్టంగా తినే ఇళ్లు ఉన్నంతకాలమే ఆ వడ్లు పొలంలో ఉంటాయని నా నమ్మకం. అందుకే కోతల వేళ, డిసెంబరు చివరలో వెళ్లండి. ముందుగా కబురు చేసి, ఊళ్లోనే బస చేసి, పండించినవారి చేతి నుంచే కొనండి. మాకు కిలో 90 రూపాయలకు ఇచ్చారు.