సిస్టర్‌ని తీసేయాలా, వార్డులోంచి ఆంప్యూల్‌ని తీసేయాలా.. ఏది మేలు?

నేను స్టాఫ్ నర్సుగా చేరిన రెండో ఏడాది. నైట్ డ్యూటీ, తెల్లారుజామున మూడున్నర, వార్డులో 28 మంది పేషెంట్లు, మేం ఇద్దరం. యాంటీబయాటిక్ కలపడానికి డిస్టిల్డ్ వాటర్ అనుకుని ట్రేలోంచి ఆంప్యూల్, అంటే మందు నింపిన చిన్న బుడ్డి, తీసి సిరంజిలోకి లాగేస్తున్నా, పక్కనున్న సీనియర్ అక్క "ఏయ్ ఏం లాగుతున్నావే, అది కేసీఎల్" అని నా చెయ్యి పట్టుకుంది. రెండూ 10 ఎంఎల్ ప్లాస్టిక్ ఆంప్యూల్సే, రెండింట్లోనూ నీళ్లలాగే ఉంటుంది, రెండూ ఒకే ట్రేలో పక్కపక్కనే. కేసీఎల్ అంటే పొటాషియం క్లోరైడ్, సెలైన్‌లో కలిపి గంటల తరబడి మెల్లగా ఎక్కిస్తే మందు, అదే చేతికి పెట్టిన సూది గొట్టం, కాన్యులాలోకి నేరుగా తోసేస్తే గుండె ఆగిపోతుంది.

సిరంజి సింకులో పారబోసి ఇద్దరం నోరు మూసుకున్నాం. చెప్తే మెమో వస్తుంది, ఇంకెందుకు చెప్తాం? ఆ రాత్రి ఏమీ జరగలేదు కాబట్టి హాస్పిటల్ లెక్కలో ఏమీ జరగనట్టే, పొద్దున్నకి ఆ రెండు ఆంప్యూల్సూ మళ్లీ అదే ట్రేలో పక్కపక్కనే.

ఇప్పుడు వేరే చోట క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో చేస్తున్నా, ఇలాంటి ఇన్సిడెంట్ రిపోర్టులు చదవడమే నా పని. ప్రతి మీటింగ్‌లోనూ చర్చ ఒకటే, తప్పు జరిగింది, ఏం చేద్దాం? చేసినవాళ్లని పట్టుకుని శిక్షించాలి అనేవాళ్లు కొందరు, అందరికీ ట్రైనింగ్ ఇచ్చి గోడకి నోటీసు అంటిద్దాం అనేవాళ్లు కొందరు, ఆ తప్పు చేయడానికే వీల్లేకుండా వస్తువునో పద్ధతినో మార్చేద్దాం అనేవాళ్లు చాలా కొద్దిమంది, ఎందుకంటే అది ఖర్చు.

శిక్షతో మొదలుపెడతా. దాని మీద మోజు ఎందుకో నాకూ తెలుసు. క్యాజువాలిటీ అద్దాలు పగులుతున్నప్పుడు "ఆ సిస్టర్‌ని సస్పెండ్ చేశాం" అని బయటికొచ్చి చెప్తే జనం కాస్త చల్లబడతారు, పైసా ఖర్చు లేదు, మధ్యాహ్నానికి అయిపోతుంది. ఇంట్లో మనిషి పోయినవాళ్లకి ఎవరో ఒకరు జవాబు చెప్పాలనిపించడం కూడా న్యాయమే. కానీ సిస్టర్ వెళ్లిపోయాక ట్రే అక్కడే ఉంటుంది, ఆంప్యూల్ అక్కడే ఉంటుంది, ఆమె ప్లేసులోకి ఇంకా కొత్తగా కాలేజీ నుంచి వచ్చిన పిల్ల వస్తుంది.

అమెరికాలో నాష్‌విల్ కేసు చూడండి. 2017 డిసెంబర్‌లో వాండర్‌బిల్ట్ హాస్పిటల్లో 75 ఏళ్ల పేషెంట్‌కి స్కాన్ ముందు కంగారు తగ్గడానికి వెర్సెడ్ ఇవ్వమన్నారు. నర్సు రాడోండా వాట్ మందుల మెషీన్‌లో పేరులోని మొదటి రెండు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టింది, వెర్సెడ్ అందులో మిడజోలమ్ అనే అసలు పేరుతో ఉంది కాబట్టి కనపడలేదు, మెషీన్ అడ్డు దాటి మందు తీసుకునే ఓవర్‌రైడ్ నొక్కితే అవే అక్షరాలతో మొదలయ్యే వెక్యురోనియం వచ్చింది, అది కండరాలన్నీ పనిచేయకుండా చేసి ఊపిరి ఆపేసే మందు. పేషెంట్ చనిపోయింది. ఆమె తప్పు లేదనట్లేదు నేను, వెర్సెడ్ నీళ్లలా ఉంటుంది, వెక్యురోనియం పొడి, కలుపుకోవాలి, మూత మీదే హెచ్చరిక రాసుంది, అన్నీ దాటుకుంటూ వెళ్లిపోయింది. కానీ తప్పు తెలియగానే దాచకుండా ఒప్పుకున్నది కూడా ఆమే. 2022లో కోర్టు దోషి అంది, జైలు కాకుండా మూడేళ్లు పర్యవేక్షణలో ఉండే ప్రొబేషన్ వేసింది. మరి రెండక్షరాలకే మందుల లిస్టు చూపించే మెషీన్ సంగతి? ఆ కేసు తర్వాత, ఇలాంటి మెషీన్లలో మందు పేరు కనీసం ఐదక్షరాలు కొడితేనే కనపడాలని అక్కడి మందుల భద్రతా సంస్థ ఐఎస్ఎంపీ సిఫారసు చేసింది. రేపు ఇంకో పేషెంట్‌ని కాపాడేది శిక్షా, ఐదక్షరాలా, మీరే చెప్పండి.

మన దగ్గర చట్టం చూస్తే ఇంకో తమాషా. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్లో నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే ఐదేళ్ల దాకా జైలు, వైద్యం చేస్తుండగా అయితే రిజిస్టర్డ్ డాక్టర్‌కి రెండేళ్ల దాకా. డాక్టర్ అంటే మెడికల్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లు, నర్సు పేరు అందులో ఉండదు కదా. ఒకే బెడ్ పక్కన నిలబడిన ఇద్దరికి రెండు లెక్కలన్నమాట. ఇంక ఏ సిస్టర్ నోరు తెరిచి "నేను పొరపాటు చేశా" అంటుంది?

అలాగని అందరినీ వదిలేయమని కాదు. బీపీ చూడకుండానే చార్ట్‌లో నంబర్లు రాసేసేవాళ్లు, తాగి డ్యూటీకొచ్చేవాళ్లు, చేసింది దాచిపెట్టి కేస్‌షీట్ మార్చేవాళ్లు, వీళ్లకి శిక్ష పడాల్సిందే, నాకు జాలి లేదు. తేడా తెలుసుకోడానికి మేం వాడే పరీక్ష సింపుల్: అదే చదువు, అదే అనుభవం ఉన్న ఇంకో మనిషిని అదే రాత్రి అదే ట్రే ముందు నిలబెడితే తనూ ఇలాగే చేసుండేదా? చేసుండేది అనిపిస్తే లోపం ట్రేలో ఉంది.

ట్రైనింగ్, నోటీసుల గురించి ఎక్కువ చెప్పను. మందు తెలియనివాళ్లకి ట్రైనింగ్ కావాలి, కానీ ఆ రాత్రి కేసీఎల్ అంటే ఏంటో నాకు తెలియక కాదు, నిద్ర కళ్లతో ఉన్నా. నిద్రకి క్లాస్ పీకితే పోదు. గోడ మీద నోటీసు మూడు రోజులు కనపడుతుంది, నాలుగో రోజు నుంచి అది గోడే. ఇద్దరు చూసి సంతకం పెట్టే డబుల్ చెక్ ఇంతకంటే నయం, ఇన్సులిన్‌కి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌కి ఉంచాల్సిందే, కాకపోతే రష్‌లో "చూశావా?" "ఆ, చూశా" అనేదే చెక్ అయిపోతుంది.

ఆపరేషన్ చెక్‌లిస్టుదీ ఇదే కథ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాల చెక్‌లిస్టుని ఢిల్లీతో కలిపి 8 నగరాల్లో 8 హాస్పిటళ్లలో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో వచ్చింది. కెనడాలో ఒంటారియో అంతటా 101 హాస్పిటళ్లలో పెట్టి చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదని 2014లో వచ్చింది. కాగితం అలాంటిదే! సర్జన్, అనస్థీషియా డాక్టర్, సిస్టర్ ఒక్క నిమిషం ఆగి పేషెంట్ పేరు, ఏ వైపు కోస్తున్నాం అని గట్టిగా చెప్పుకుంటే అది పనిచేస్తుంది, ఆపరేషన్ అయ్యాక కూర్చుని టిక్కులు కొడితే ఇన్‌స్పెక్షన్ ఫైల్‌కి పనికొస్తుంది.

ఇక మూడోది, నా ఓటు దీనికే. సిమ్ కార్డ్ మూల ఎందుకు కోసుంటుంది? తిరగేసి పెట్టకుండా. అనస్థీషియా మెషీన్‌కి తగిలించే చిన్న సిలిండర్లదీ అదే ఐడియా, ఆక్సిజన్ సిలిండర్ మెడ మీద చిల్లులు ఒక చోట, మత్తు గ్యాస్ నైట్రస్ ఆక్సైడ్‌కి ఇంకో చోట, మెషీన్‌కున్న పిన్నులు సరైన సిలిండర్‌కే సరిపోతాయి. ఎంత నిద్రలో ఉన్నా ఒకదాని ప్లేసులో ఇంకోటి పెట్టలేం.

విన్‌క్రిస్టిన్ కథ ఇంకా బాధాకరం. క్యాన్సర్ మందు, రక్తనాళంలోకి ఇవ్వాలి, పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే దాదాపు ఎవరూ బతకరు. 2001లో ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌లో ఒక 18 ఏళ్ల కుర్రాడు అలాగే పోయాడు, ఒక డాక్టర్ జైలుకి కూడా వెళ్లాడు. అంతకుముందూ అలాంటివి జరిగాయి, హెచ్చరికలూ లేబుళ్లూ అప్పటికే ఉన్నాయి. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది ఏంటంటే ఈ మందుని సిరంజిలో పంపకండి, చిన్న సెలైన్ బ్యాగ్‌లో కలిపి పంపండి అని. వెన్నులోకి ఇచ్చే మందులు సిరంజిలో వస్తాయి, చేతిలో వేలాడే బ్యాగ్ ఉంటే వెన్నులోకి ఎక్కించాలన్న ఆలోచనే రాదు. అంతే, బ్యాగ్!

జేమ్స్ రీజన్ అనే బ్రిటిష్ సైకాలజిస్టు ఇలాంటి ప్రమాదాలు జరిగే తీరుని చిల్లుల జున్ను ముక్కలతో పోల్చాడు. నాకైతే మా అమ్మమ్మ వాళ్ల తాటాకిల్లు గుర్తొస్తుంది. ప్రతి ఆకుకీ చిల్లు ఉంటుంది, కానీ వరసల మీద వరసలు కప్పుతారు కాబట్టి కారదు. అన్ని వరసల చిల్లులూ ఒకే గీతలో కలిసిన చోట కారుతుంది. కారినప్పుడు కింద పడుకున్న మనిషిని తిడతామా, కప్పు నేస్తామా? నా కేసులో రెండు ఆంప్యూల్సూ ఒకేలా ఉండటం ఒక చిల్లు, ఒకే ట్రే ఒకటి, 28 మందికి ఇద్దరం ఒకటి, నా నిద్ర ఒకటి. అక్క చెయ్యి ఒక్కటే మిగిలిన ఆకు.

అయితే ఈ మూడో దారిలోనూ లొసుగులున్నాయి, నమ్మి మోసపోకూడదు. వార్డులోంచి కేసీఎల్ తీసేసి ఫార్మసీలోనే కలిపి పంపాలంటే రాత్రంతా ఫార్మసిస్ట్ ఉండాలి, 30 పడకల నర్సింగ్ హోమ్‌లో ఎక్కడి నుంచి తెస్తారు? ఇంకోటి, రిపోర్ట్ చేసినవాళ్లకి మెమో ఇవ్వం అని మాటిచ్చాక మా దగ్గర నెలకి వేళ్ల మీద లెక్కపెట్టే రిపోర్టులు కాస్తా కట్టలు కట్టలు రావడం మొదలైంది, పెద్దాయన కంగారుపడి "ఏంటమ్మా, నువ్వొచ్చాక తప్పులు పెరిగాయి?" అన్నారు. తప్పులు పెరగలేదు సార్, ఇన్నాళ్లూ సింకులో పోయేవి ఇప్పుడు కాగితం మీదకొస్తున్నాయి అని చెప్పడానికి రెండు మీటింగులు పట్టింది.

ఫార్మసిస్ట్ సంగతి తేలేదాకా మధ్యేమార్గంగా వార్డుకో ఎర్ర డబ్బా పెట్టించాం, కేసీఎల్ అందులోనే, తాళం వేసి, తాళంచెవి షిఫ్ట్ ఇన్‌చార్జ్ జేబులో. నెల తర్వాత చెప్పకుండా రౌండ్‌కి వెళ్తే డబ్బాకి తాళం వేసే ఉంది, తాళంచెవి కూడా ఉంది, డబ్బా పక్కనే గోడకి మేకు కొట్టి తగిలించారు. ఎవరు కొట్టారని అడగలేదు. రాత్రి ఎన్నిసార్లు తీయాల్సొస్తోందని అడిగితే "మినిమం పదిసార్లు మేడమ్, ప్రతిసారీ ఇన్‌చార్జ్‌ని వెతుక్కుంటూ మూడో ఫ్లోర్ దాకా పోవాలి" అన్నారు. ఆ పదిసార్లూ ఎవరికి, ఎందుకు అని ఇప్పుడు రాయిస్తున్నా.