నిలబడే హాలోవీన్ దయ్యానికి ఏ గుడ్డ కొనాలి? క్రీపీ క్లాత్ కన్నా వంటింటి చీజ్‌క్లాత్ నయం

అక్టోబరు వచ్చిందంటే అమెరికా డాలర్ షాపుల్లో రెండు రకాల పల్చటి గుడ్డలు దొరుకుతాయి. ఒకటి హాలోవీన్ (అక్టోబరు చివర్లో దయ్యాల వేషాలతో జరిపే పండగ) అరలో ఉండే ‘క్రీపీ క్లాత్’, చిరుగులతో సహా తయారై వస్తుంది. రెండోది వంటసామాను దగ్గరుండే చీజ్‌క్లాత్, మనం పనీరు వడకట్టుకునే గుడ్డ. గుమ్మానికి వేలాడదీయడానికైతే మొదటిది చక్కగా సరిపోతుంది. గుడ్డని గంజిలో ముంచి, అచ్చు మీద కప్పి, ఆరాక అచ్చు తీసేస్తే తనంతట తాను నిలబడే దయ్యం కావాలంటే మాత్రం రెండోదే కొనండి.

తేడా అంతా పోగులో ఉంది. క్రీపీ క్లాత్ ఎక్కువగా పాలిస్టరు. గంజిలో ఎంతసేపు ముంచినా పోగులోకి ఇంకదు, పైపైన అంటుకుంటుంది, ఆరాక గుడ్డ మళ్లీ జారిపోతుంది. చీజ్‌క్లాత్ నూలుగుడ్డ కాబట్టి గంజి పీల్చుకుని అట్టలా బిగుస్తుంది. ప్యాకెట్ మీద గ్రేడ్, అంటే నేత ఎంత దట్టమో చెప్పే అంకె, చూసుకోండి. 10 అయితే మరీ వలలా ఉంటుంది. 90 నేత దట్టం, లోపలి వెలుగు సరిగ్గా బయటికి రాదు. ఈ పనికి 50 సరైనది: అంగుళానికి పడుగు 28 పోగులు, పేక 24.

అచ్చుకి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా చాలు. సగం నీళ్లు పోస్తే పడిపోదు. మూతి మీద 5 అంగుళాలు ఊదిన బెలూన్ టేపుతో అంటించి, చేతుల కోసం పాత ఇనుప హ్యాంగరు వంచి కట్టండి. మొత్తం క్లింగ్ ర్యాప్‌తో (వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ పొర) చుట్టాలి. లేకపోతే గుడ్డ అచ్చుకే అతుక్కుపోతుంది, లాగితే చిరుగుతుంది. గజం పొడవు, గజం వెడల్పు ముక్కలు రెండు కావాలి. ఒక్క పొరతో చేస్తే భుజాల దగ్గర కుంగుతుంది. రెండో ముక్కని మొదటిదాని మూలల మధ్య దీని మూలలు పడేలా తిప్పి కప్పితే అంచులు ఎగుడుదిగుడుగా, అచ్చం దయ్యంలా వస్తాయి.

గంజి విషయానికొస్తే, బజార్లో దొరికే లిక్విడ్ స్టార్చ్‌లో నీళ్లు కలపకుండా ముంచితే పని అవుతుంది. ఇంట్లో కాచిన గంజి దానికేం తీసిపోదు. అరకప్పు చన్నీళ్లలో మూడు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్ కలిపి, మరుగుతున్న రెండు కప్పుల నీళ్లలో పోస్తూ తిప్పండి. పిండి తెలుపు పోయి అద్దంలా మెరిసినప్పుడు దించాలి. పొడిపిండే వేడినీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండలు ఆరాక గుడ్డ మీద మచ్చల్లా కనిపిస్తాయి. అన్నం వార్చిన గంజి చీరకైతే బాగుంటుంది గానీ దీనికి పల్చన, సగమయ్యేదాకా మరిగించాలి. తెల్ల జిగురు, నీళ్లు సమంగా కలిపితే అన్నిటికన్నా గట్టిగా నిలుస్తుంది. అయితే పిల్లల ‘వాషబుల్’ జిగురు తడి తగిలితే మెత్తబడుతుంది. దేంతో చేసినా పోర్చ్ కప్పు కిందే పెట్టాలి. తుపాను గాలులు వీచే కోస్తాంధ్ర అక్టోబరులోనైతే ఇంట్లోనే ఉంచడం మంచిది. ఇక్కడ మెడికల్ షాపులో దొరికే నూలు గాజుగుడ్డతోనూ ఇలాగే చేసుకోవచ్చు.

ఎక్కువమందికి చెడేది గంజిలో ముంచిన గుడ్డని పిండే దగ్గర. నీళ్లు కారకుండా పిండాలి, మెలిపెట్టకూడదు. కారుతుంటే ఆ బరువుకి బెలూన్ వంగుతుంది, అంచులు బల్లకి అంటుకుంటాయి. కింద వ్యాక్స్ పేపరు పరచండి. ఆరడానికి 24 గంటలు, చలిలో ఇంకా ఎక్కువ. ఫ్యాను పెట్టకుండా గరాజ్‌లో వదిలేస్తే గంజి పులిసి వాసనొస్తుంది. బెలూన్ ముందురోజే ఊదిపెట్టుకోవద్దు, గాలి తగ్గి తలకి సొట్ట పడుతుంది. తీసేటప్పుడు బెలూన్ మీద చిన్న టేపు ముక్క అంటించి, ఆ టేపులోంచే సూది గుచ్చండి. గాలి మెల్లగా పోతుంది. ఢామ్మని పగిలితే తల నలుగుతుంది.

బ్లాక్‌లైట్ (అతినీలలోహిత దీపం) కింద మెరవాలంటే గంజి పెట్టకముందే, ఆప్టికల్ బ్రైటెనర్ (బట్టని తెల్లగా మెరిపించే రసాయనం) ఉన్న డిటర్జెంటులో గుడ్డని ఉతకండి. లోపల ఎల్‌ఈడీ దీపమే పెట్టాలి. కొవ్వొత్తి అస్సలు వద్దు, ఇంత పల్చటి నూలు చూస్తుండగానే అంటుకుంటుంది.

నా మార్కులు: చీజ్‌క్లాత్‌కి 5కి 4.5, క్రీపీ క్లాత్‌కి 2. పండగయ్యాక గంజి దయ్యాన్ని అట్టపెట్టెలో దాచితే సిల్వర్‌ఫిష్ పురుగులు చేరతాయి. వేడినీళ్లలో నానబెట్టి ఉతికేస్తే గంజి వదిలి గుడ్డ వచ్చే ఏటికి పనికొస్తుంది. జిగురు పెట్టినదానికి ఆ అవకాశం లేదు.