కొండ ట్రెక్కు కోసం ఇంక్లైన్ ట్రెడ్‌మిల్: ఎక్కిస్తుంది, దించదు

ట్రెక్కు తేదీలు ఖాయమయ్యాయి, మూడు నెలల టైముంది, దగ్గర్లో ఎక్కడానికి గుట్టలేవీ లేవు. ఇలాంటప్పుడు చాలామంది కన్ను పడేది ఇంక్లైన్ ట్రెడ్‌మిల్ మీద, అంటే ముందు వైపు పైకి లేపి వాలు పెట్టుకోగలిగే నడక యంత్రం మీద. ఎక్కడం వరకూ అది భేషుగ్గా పనికొస్తుంది. దిగడానికి మాత్రం మామూలు రకాలు పనికిరావు. ఈ సంగతి ముందే తెలుసుకుని కొంటే డబ్బు వృథా కాదు.

మొదట చూడాల్సింది వాలు. '15 లెవెల్స్' అని రాసి ఉంటే 15 శాతం అనుకోకండి, లెవెల్ వేరు, శాతం వేరు. 10 శాతం అంటే వంద మీటర్లు నడిస్తే పది మీటర్లు పైకి వెళ్లినట్టు. షాపులోనే టేపు పెట్టి తేల్చుకోవచ్చు. బెల్టు పక్కన కాలు పెట్టుకునే అంచు మీద 100 సెంటీమీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టండి. వాలు పూర్తిగా లేపి, నేల నుంచి ఒక్కో గుర్తు ఎంత ఎత్తులో ఉందో కొలవండి. తేడా 12 సెంటీమీటర్లు వస్తే అది 12 శాతం వాలు. 10 కూడా రాకపోతే ట్రెక్కు కోసమని దాన్ని కొనడం దండగ. చేత్తో పిన్ను మార్చే రకాల్లో నడుస్తూ వాలు మార్చుకోవడం కుదరదు. సన్నటి వాకింగ్ ప్యాడ్లలో చాలావాటికి వాలే ఉండదు.

12 శాతం మీద గంటకు 4 కిలోమీటర్ల వేగంతో గంటసేపు నడిస్తే సుమారు 480 మీటర్ల ఎత్తు ఎక్కినట్టు లెక్క. దీన్ని మీ ట్రెక్కుతో పోల్చుకోవాలంటే స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ అక్కరకొస్తుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, పైగా ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. 10 కిలోమీటర్ల దూరం, 900 మీటర్ల ఎక్కుడు ఉన్న రోజుకు ఆగకుండా నడిచినా మూడున్నర గంటలు. మీ ట్రెక్కులో అన్నిటికన్నా కష్టమైన రోజు చూసుకుని, ఆఖరి వారాలకల్లా ఆ ఎక్కుడులో ముప్పాతిక వంతు ఒక్క విడతలో ఎక్కగలిగితే చాలు.

వారానికి మూడు రోజులు సరిపోతుంది. రెండు రోజులు ముప్పావు గంట చొప్పున, ఒక రోజు ఎక్కువసేపు. మొదటి మూడు వారాలు బ్యాగు లేకుండా 6 నుంచి 8 శాతం మీదే నడవండి. తర్వాత బ్యాగులో నీళ్ల సీసాలు వేసుకోండి. లీటరంటే కిలో కాబట్టి తూకం వేసే పని లేదు. మూడు కిలోలతో మొదలెట్టి వారానికో కిలో పెంచుతూ, ట్రెక్కులో మోసేంత బరువు దగ్గర ఆపేయండి. వాలు, బరువు, టైము మూడూ ఒకే వారం పెంచితే పిక్క కండరమో, మడమ వెనక నరమో పట్టేస్తుంది. ఎందుకంటే కొండదారిలో వచ్చే చదునైన ముక్కలు యంత్రం మీద రావు, మడమ వెనక భాగం సాగినట్టే ఉండిపోతుంది. పది నిమిషాలకోసారి ఒక నిమిషం వాలు తగ్గిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు.

అందరూ చేసే తప్పు హ్యాండిల్ పట్టుకుని వెనక్కి వాలడం. తెర మీద 12 శాతం కనిపిస్తుంది, శరీరానికి పడే శ్రమ మాత్రం అంత ఉండదు. పట్టుకోకుండా నడవలేకపోతుంటే వాలు తగ్గించడమే మార్గం. యంత్రం మోయగల బరువులో బ్యాగు బరువు కూడా కలపాలన్నది మరో విషయం. 85 కిలోల మనిషి 10 కిలోల బ్యాగు వేసుకుంటే, 100 కిలోల పరిమితి ఉన్న యంత్రం మీద మిగులు ఏమీ లేనట్టే. అడుగు వేసినప్పుడల్లా బెల్టు క్షణం ఆగినట్టనిపిస్తే దాని కింద ఆయిల్ ఆరిపోయి ఉండొచ్చు. కంపెనీ చెప్పిన సిలికాన్ ఆయిల్ వేసి చూడండి.

ఇక దిగుడు. కొండ దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే బరువును ఆపుతాయి. అలవాటు లేకపోతే ఒకటి రెండు రోజులకు మెట్లు కూడా దిగలేనంత నొప్పి. ట్రెడ్‌మిల్ దీన్ని నేర్పదు. 20 సెంటీమీటర్ల స్టెప్ బాక్సు ఒకటి పక్కన పెట్టుకుని, దాని మీద ఒక కాలితో నిలబడి రెండో కాలి మడమను మూడు సెకన్లు లెక్కపెడుతూ నేలకు ఆనించండి. కాలికి పది చొప్పున మూడు విడతలు, వారానికి రెండుసార్లు. మోకాలు లోపలికి వంగితే ఎత్తు తగ్గించండి. ట్రెక్కుకు పది రోజుల ముందు కష్టమైన వ్యాయామం మానేయాలి. ఎత్తుకు అలవాటు పడటం కూడా ఈ యంత్రం వల్ల కాదు. 2,500 మీటర్లు దాటితే ఎంత ఫిట్‌గా ఉన్నవాళ్లకైనా ఎత్తు జబ్బు రావచ్చు.

ఇంట్లో పచ్చజెండా ఊపాలంటే యంత్రం ధర కన్నా ముందు మాట్లాడాల్సినవి ఉన్నాయి. తెల్లవారుజామున వాలు లేపే మోటారు రొద, అడుగుల దడదడ నిద్రపోయే గదిలోకి వినిపిస్తాయి. మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే అదురు తగ్గుతుందే గానీ చప్పుడు పూర్తిగా పోదు. మడిచే యంత్రమైనా బరువు తగ్గదు, రోజూ పక్కకు జరిపేస్తామన్న మాట ఇవ్వకండి. సెలవురోజు పొద్దున మీరు రెండు మూడు గంటలు నడుస్తుంటే పిల్లల్ని, వంటని ఎవరు చూస్తారన్నదే అసలు ప్రశ్న. దానికి బదులుగా మీరు ఏ పూట ఇంటిపని చేస్తారో పన్నెండు వారాలకూ ముందే చెప్పేస్తే ఆవిడైనా, ఆయనైనా సణుక్కోకుండా ఒప్పుకుంటారు. దారి, తిరిగొచ్చే తేదీ, ఫోను అందని రోజులు కాగితం మీద రాసి ఇవ్వండి. గుండె, బీపీ, మోకాళ్ల ఇబ్బంది ఏదైనా ఉంటే డాక్టరుకు చూపించుకున్నాకే మొదలెట్టండి, ఇంట్లో దిగులూ తగ్గుతుంది.

పది అంతస్తుల మెట్లు అందుబాటులో ఉన్నవాళ్లు మాత్రం దీన్ని కొనక్కర్లేదు. అంతస్తుకు మూడు మీటర్లు అనుకుంటే ఒకసారి ఎక్కితే 30 మీటర్లు, ఇరవైసార్లకు 600. దిగుడు కూడా అంతే వస్తుంది.