క్యాన్సర్ తగ్గిస్తామంటూ పొడి అమ్ముతున్నారు, కొనకండి

నల్లగొండ చుట్టుపక్కల క్యాన్సర్ రోగులున్న ఇళ్లవాళ్లు, ముఖ్యంగా రోగి భర్తలు, భార్యలు ఇది చదవండి. ఆ పొడి అమ్మేవాడు వల వేసేది మనకే.

నా భార్యకు రొమ్ము క్యాన్సర్. కాలేయానికి, ఎముకలకు పాకిందని, నాలుగో దశ అని హైదరాబాద్‌లో చెప్పారు. పూర్తిగా నయం కాదు, వీలైనంత కాలం అదుపులో ఉంచుదాం అన్నారు డాక్టరు గారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు నార్కట్‌పల్లి చేరేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. అక్కడ ఆమె, "బత్తాయి తోటకు నీళ్లు పెట్టించారా?" అని అడిగింది. నాకు మాత్రం "నయం కాదు" అన్న మాటే చెవిలో తిరుగుతోంది.

ఆ వారమే ఒక దూరపు బంధువు, క్యాన్సర్‌కు పొడి ఇచ్చే మనిషి ఫోను నంబరు ఇచ్చాడు. ఆ పొడి తిని మంచాన పడ్డవాళ్లు కూడా లేచి తిరుగుతున్నారట. ఆ "అట"ను నేను పట్టించుకోలేదు.

ఫోనులో ఆ మనిషి రిపోర్టులు అడగలేదు. ఏ క్యాన్సరో చెబుతుంటే పూర్తిగా వినలేదు కూడా. పిల్లలెంతమంది అని అడిగాడు. "డబ్బుకు వెనకాడానని రేపు కుమిలిపోకండి సార్" అన్నాడు. 41 రోజుల కోర్సుకు 18,500 రూపాయలు, మొత్తం ముందే పంపాలి. డబ్బు వెళ్లింది ఎవరిదో సొంత ఖాతాకు. బిల్లు అడిగితే, ఇది వ్యాపారం కాదు, సేవ అన్నాడు. సేవకు అంత ధర ఏమిటని ఆ రోజు నాకు తట్టలేదు.

పార్సిల్లో మూడు ప్లాస్టిక్ డబ్బాలు, బూడిదరంగు పొడి. లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, దినుసుల పేర్లు ఏవీ లేవు. ఆయుర్వేద మందుకైనా ఇవన్నీ డబ్బా మీద ఉండి తీరాలి. పొడి వాడే రోజులకు రెండు నియమాలు పెట్టాడు: కీమో మానేయాలి, డాక్టరుకు చెప్పకూడదు. మొదటిది వినలేదు. రెండోది విన్నాను.

పన్నెండో రోజుకు వాంతులు, కళ్లు పచ్చబడ్డాయి. కీమోకు ముందు చేసే రక్తపరీక్షలో బిలిరుబిన్ (కామెర్లను తెలిపేది) పెరిగింది. వేరే మందులేమైనా వాడుతున్నారా అని డాక్టరు గారు అడిగితే, లేదన్నాను. పక్కనే ఉన్న నా భార్య సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడే పెట్టుకుందట. పొడి వల్లేనని ఆయన తేల్చి చెప్పలేదు గానీ వెంటనే ఆపించారు. కీమో మూడు వారాలు వాయిదా పడింది. ఆ మూడు వారాలు నేను క్యాలెండరు వైపు చూడలేకపోయాను.

నమ్మకం లేనప్పుడు ఎందుకు తిన్నావని రాత్రి అడిగాను. "తినకపోతే మీరు నిద్రపోయేవారా?" అంది. కీమో తర్వాత ఆమె నోటికి మంచినీళ్లే చేదు. ఆ నోట్లో రోజుకు రెండుసార్లు నేను పొడి పోశాను.

అమ్మినవాడికి ఫోను చేస్తే, కీమో మానలేదు కాబట్టే పనిచేయలేదన్నాడు. రెండో కోర్సుకు ఐదు వేలు తగ్గిస్తానన్నాడు! డబ్బు వెనక్కి అడిగిన తర్వాత ఫోను ఎత్తడం లేదు.

క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటించుకోవడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేశాను. ఇప్పటికే మోసపోయినవాళ్లు డబ్బు పంపిన వివరాలు, మిగిలిన పొడి పారేయకండి.

ఆ పొడికి డబ్బు పోసే బదులు నేను ముందే డాక్టరు గారిని అడిగి ఉండాల్సింది నొప్పి గురించి. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్సకు, అంటే నొప్పి, బాధ తగ్గించే చికిత్సకు, ప్రత్యేక విభాగం ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మాత్ర అనగానే ఇక చివరి రోజులేనని, అలవాటైపోతుందని భయపడ్డాను. డాక్టరు చెప్పిన మోతాదులో వేస్తున్నాం, రాత్రిళ్లు నిద్రపోతోంది. పొద్దున లేచి నా మీద విసుక్కుంటోంది కూడా.

మొన్న దేవరకొండ నుంచి ఎవరో ఫోను చేశారు. ఆయన భార్యకూ ఇదే జబ్బు. మా బంధువే నా నంబరు ఇచ్చాడు. "మీ ఇంట్లో ఆవిడ ఆ పొడి తిని లేచి తిరుగుతున్నారట కదండీ?" అని అడిగారు.